వైరస్ తొడుగు బైపీసీదా, ఎంపీసీదా?

ఇంటర్ జీవశాస్త్రం పుస్తకంలో వైరస్ తొడుగు గురించి ఉన్నది గట్టిగా రెండు వాక్యాలు. న్యూక్లిక్ ఆమ్లం చుట్టూ క్యాప్సిడ్ అనే ప్రోటీన్ తొడుగు ఉంటుంది, అది క్యాప్సోమియర్లు అనే చిన్న ముక్కలతో తయారవుతుంది, ఆ ముక్కలు హెలిక్స్‌గానో బహుముఖిగానో అమరి ఉంటాయి. అక్కడితో సరి. ఆ రెండు ఆకారాలే ఎందుకు? ముక్కల్ని అమర్చింది ఎవరు? ఎన్ని ముక్కలు? ఈ ప్రశ్నలు పుస్తకం వేయదు, పరీక్ష అడగదు, కాబట్టి క్లాసులో ఎవరికీ తట్టవు. విశాఖలో చాలా ఏళ్లుగా బైపీసీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నదాన్ని. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను: ఆ రెండు వాక్యాలు లెక్కలు లేకుండా అర్థం కావు. లెక్కలు చదివే పిల్లలేమో పక్క గదిలో ఉన్నారు. వాళ్ల చేతికి ఈ పుస్తకమే రాదు.

మన ఊళ్లో ఈ గోడ పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారంలోనే లేస్తుంది. ద్వారకానగర్‌లో ఏ సందులోకి తిరిగినా ర్యాంకుల హోర్డింగులే. డాక్టరు కావాలంటే ఇటు, ఇంజినీరు కావాలంటే అటు. "నీకింక లెక్కలతో పని లేదులేమ్మా" అని ఇంట్లోవాళ్లు పదిహేనేళ్ల పిల్లతో అనేది ధైర్యం చెప్పడానికే. ఆ మాటతో టెన్షన్ తగ్గిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ నాకు కనిపిస్తారు. వాళ్లని తప్పుపట్టను. కానీ ఆ ఊరటతో పాటు చేజారేది ఏమిటో చూపించాలంటే నాకు వైరస్ తొడుగే మంచి ఉదాహరణ.

పొగాకు మొజాయిక్ వైరస్ (టీఎంవీ)తో మొదలుపెడతాను. దాన్ని 1935లో స్టాన్లీ స్ఫటికంగా మార్చాడన్న బిట్టు ప్రతి పిల్లకీ కంఠతా వచ్చు. ఆ వైరస్ ఒక సన్నని కడ్డీ. పొడవు 300 నానోమీటర్లు, మందం 18. లోపల ఒకే ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు, దాదాపు 6,400 న్యూక్లియోటైడ్లు. దాని చుట్టూ 2,130 ప్రోటీన్ ముక్కలు. అన్నీ అచ్చంగా ఒకటే, ఒక్కోదాంట్లో 158 అమైనో ఆమ్లాలు.

ఈ అంకెలు బోర్డు మీద రాసి, తొడుగంతా ఒకే పెద్ద ప్రోటీన్‌గా చేయాలంటే ఎంత ఆర్‌ఎన్‌ఏ కావాలో లెక్క కట్టమంటాను. 2,130ని 158తో గుణిస్తే 3,36,540 అమైనో ఆమ్లాలు. ఒక్కో దానికి మూడు న్యూక్లియోటైడ్ల సమాచారం కావాలి, అంటే పది లక్షలు దాటాయి. వైరస్ దగ్గర ఉన్నవి ఆ 6,400 మాత్రమే. అందులోనే తనను కాపీ చేసుకునే ఎంజైముకూ, కణం నుంచి కణానికి దాటించే ప్రోటీన్‌కూ చోటు ఉండాలి. అదే 158 అమైనో ఆమ్లాల చిన్న ముక్కకైతే 474 న్యూక్లియోటైడ్లు చాలు. ఆ ఒక్క ముక్కనే వేల సార్లు తయారుచేసి పేర్చుకోవడం తప్ప దానికి వేరే దారి లేదు. ఒకేలాంటి ముక్కలు ఒకేలా పట్టుకుంటూ పోతే వచ్చేది సౌష్ఠవం. చిన్న వైరస్‌లన్నిటి తొడుగులూ ఒకేలాంటి ముక్కలతో సౌష్ఠవంగా ఉండి తీరాలని 1956లో క్రిక్, వాట్సన్ వాదించింది ఈ దారిలోనే. గుణకారం వచ్చిన పదహారేళ్ల పిల్ల కూడా ఈ అడుగు వేయగలదు. వేయించడం లేదు, అంతే.

2,130ని మూడుతో గుణిస్తే 6,390. ఆర్‌ఎన్‌ఏ పొడవుకు దాదాపు సమానం. ఒక్కో ముక్క మూడేసి న్యూక్లియోటైడ్లను పట్టుకుంటుంది కాబట్టి అలా వస్తుంది. (జన్యు సంకేతంలోని మూడుకూ ఈ మూడుకూ సంబంధం లేదు. ఆ సంగతి వెంటనే చెప్పకపోతే పిల్లలు రెండిటినీ కలిపేస్తారు.)

ఇక అమరిక. లైట్‌హౌస్ లోపల గుండ్రంగా తిరిగే మెట్లు ఎక్కినవాళ్లకు తెలుసు: ఏ మెట్టు మీద ఆగినా కింది మెట్టూ, పై మెట్టూ అదే ఎత్తులో, అదే కోణంలో ఉంటాయి. టీఎంవీ ముక్కలదీ ఇదే ఏర్పాటు. చుట్టుకు పదహారు ముక్కలూ, ఇంకో ముక్కలో మూడో వంతూ పడతాయి. మూడు చుట్లు తిరిగితే సరిగ్గా 49. ఒక్కో చుట్టు ఎత్తు 2.3 నానోమీటర్లు. 300ని 2.3తో భాగించి 16.33తో గుణించండి, మళ్లీ 2,130 దగ్గరికే వస్తాం. ఇలాంటి మెట్లకు తమంతట తాము ఆగే చోటు లేదు, ఎంతవరకైనా కట్టుకుంటూ పోవచ్చు. మరి వైరస్ 300 దగ్గరే ఎందుకు ఆగింది? ఆర్‌ఎన్‌ఏ అక్కడ అయిపోయింది కాబట్టి. కడ్డీ పొడవు ప్రోటీన్‌లో ఎక్కడా లేదు.

ఆ ఆర్‌ఎన్‌ఏ ఎక్కడుందో తేల్చినవారిలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ముఖ్యులు. లండన్‌లోని బిర్క్‌బెక్ కాలేజీలో ఎక్స్‌రే చిత్రాలతో ఆమె చేసిన పని ఇది. కడ్డీ మధ్యలో 4 నానోమీటర్ల వెడల్పున్న రంధ్రం ఖాళీ అనీ, ఆర్‌ఎన్‌ఏ ముక్కల మధ్యలో, కడ్డీ నడిమి గీతకు 4 నానోమీటర్ల దూరంలో ఒదిగి ఉందనీ తెలిసింది. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆమె టీఎంవీ పెద్ద నమూనా ఒకటి తయారుచేశారు. ప్రదర్శన మొదలయ్యే ముందు రోజు, ఏప్రిల్ 16న, 37 ఏళ్లకే చనిపోయారు. మన పిల్లలకు ఆవిడ పేరు డీఎన్‌ఏ పాఠంలో ఒక ఫోటో దగ్గర మాత్రమే వినిపిస్తుంది. వైరస్ పాఠంలో వినిపించకపోవడం నాకు నిజంగా బాధ.

1955లో బర్క్‌లీలో ఫ్రెంకెల్-కోన్రాట్, విలియమ్స్ ఈ వైరస్‌ను ప్రోటీన్‌గా, ఆర్‌ఎన్‌ఏగా విడగొట్టి, మళ్లీ కలిపి ఉంచారు. కడ్డీలు తిరిగి ఏర్పడ్డాయి. ఆకు మీద రుద్దితే రోగం వచ్చింది. ముక్కల్ని ఎవరు అమర్చారన్న ప్రశ్నకు జవాబు ఆ పరీక్షనాళికలో ఉంది: ఎవరూ అమర్చలేదు.

క్లాసులో మనం ఇక్కడిదాకా వస్తే గొప్ప. వచ్చినా "వాటంతట అవే అమరిపోతాయి" అని చెప్పి ముందుకు వెళ్లిపోతాం. నా అసలు అభ్యంతరం అక్కడే. అలా చెబితే విన్న పిల్లకు అదొక మహిమలా తోస్తుంది. కానీ ఆ అమరికకు కారణాలున్నాయి, వాటిని కొలవొచ్చు, మార్చి చూడొచ్చు. టీఎంవీ ప్రోటీన్‌ను ఆర్‌ఎన్‌ఏ లేకుండా నీళ్లలో ఉంచి చూశారు. ఉప్పు తక్కువగా, క్షారం ఎక్కువగా ఉన్న ద్రావణంలో కొద్ది ముక్కల చిన్న చిన్న గుంపులుగా ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర, తగినంత ఉప్పుతో, గది వేడిలో రెండు వరసల చక్రాలవుతాయి, వరసకు 17 ముక్కలు. పీహెచ్ 5కి దించితే ఆర్‌ఎన్‌ఏ లేకుండానే పొడవాటి కడ్డీలు కట్టేస్తుంది. అదే ప్రోటీన్, అవే 158 అమైనో ఆమ్లాలు. మారింది చుట్టూ ఉన్న నీళ్లే.

ఎందుకలా? ఆనుకుని ఉన్న ముక్కల మధ్య కార్బాక్సిలేట్ గుంపులు (కొన్ని అమైనో ఆమ్లాల కొసల్లో ఉండే ఆమ్ల భాగాలు) ఎదురెదురుగా ఉన్నాయి. రెండిటికీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆమ్లం ఉంటే ప్రోటాన్ వచ్చి ఆ ఆవేశాన్ని తగ్గిస్తుంది, ముక్కలు దగ్గరవుతాయి. కాల్షియం కూడా ఇలాంటి సాయమే చేస్తుంది. వైరస్ బయట ఉన్నప్పుడు గట్టిగా ఉండాలి, కణం లోపలికి వెళ్లాక విడిపోవాలి. కణం లోపల కాల్షియం చాలా తక్కువ, ప్రోటాన్లూ తక్కువే. కార్బాక్సిలేట్లు మళ్లీ నెట్టుకోవడం మొదలుపెడతాయి, ఆర్‌ఎన్‌ఏ ఒక కొస దగ్గర కొన్ని ముక్కలు ఊడతాయి, బయటపడ్డ కొసను కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ పట్టుకుని చదువుకుంటూ పోతుంటే మిగతావి రాలిపోతాయి. తొడుగు కట్టుకోవడమూ, విప్పుకోవడమూ ఒకే రసాయనం మీద నడుస్తున్నాయి. కూలంబ్ నియమం చదివినవాళ్లూ, పీహెచ్ చదివినవాళ్లూ, కణం చదివినవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చోవాల్సిన పాఠం ఇది.

నాకు అన్నిటికంటే నచ్చింది చలి సంగతి. చల్లబరిస్తే ముక్కలు ఇంకా గట్టిగా అతుక్కుంటాయని ఎవరైనా అనుకుంటారు. టీఎంవీ ప్రోటీన్ అందుకు పూర్తిగా తిరగబడుతుంది: వెచ్చబరిస్తే కట్టుకుంటుంది, చల్లబరిస్తే విడిపోతుంది. మాక్స్ లాఫర్ ఏళ్ల తరబడి దీన్ని కొలిచి కారణం చెప్పారు. విడిగా ఉన్నప్పుడు ఒక్కో ముక్క తన చుట్టూ కొన్ని నీటి అణువుల్ని ఒక పద్ధతిలో కట్టేసి ఉంచుతుంది. రెండు ముక్కలు అతుక్కున్నప్పుడు ఆ నీళ్లకు స్వేచ్ఛ వస్తుంది. ప్రోటీన్‌లో క్రమం పెరిగింది, నీళ్లలో అంతకంటే ఎక్కువ గందరగోళం పెరిగింది. మొత్తం మీద ఎంట్రోపీ పెరిగే దిశలోనే పని జరిగింది. ఎంట్రోపీ అంటే "క్రమం చెడిపోవడం" అని నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకునే ఎంపీసీ పిల్లలు, దానివల్లే ఇంత చక్కటి కడ్డీ తయారవుతుందని తెలిస్తే ఆ పాఠాన్ని వేరే కళ్లతో చదువుతారు. ఇది వాళ్ల హక్కు.

కడ్డీ కట్టడం ఎలా మొదలవుతుందన్నది ఇంకో కథ. 1971లో కేంబ్రిడ్జ్‌లో బట్లర్, క్లూగ్ ఆ రెండు వరసల చక్రంతోనే మొదలవుతుందని చూపారు. ఆర్‌ఎన్‌ఏలో ఒక కొస నుంచి దాదాపు వెయ్యి న్యూక్లియోటైడ్ల ఇవతల ఒక మడత ఉంది. అది చక్రం మధ్య రంధ్రంలోకి దూరుతుంది, చక్రం మెట్ల చుట్టుగా మారుతుంది, తర్వాత ఆర్‌ఎన్‌ఏ రంధ్రంలోంచి పైకి లాగబడుతూ కొత్త ముక్కలు చేరుతుంటాయి. స్ఫటికంలో కనిపించిన చక్రమూ, ద్రావణంలో నిజంగా పనిచేసే రూపమూ ఒకటేనా అన్నదాని మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి. ఏరన్ క్లూగ్‌కు 1982లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇప్పుడు గుండ్రటి వైరస్‌లు. షడ్భుజులు మాత్రమే తీసుకుని అంచుకు అంచు కలుపుకుంటూ పోతే నేల మీద పరిచిన పలకల్లా చదునుగానే వస్తుంది, ఎప్పటికీ ముడుచుకోదు. మధ్యలో ఒక్క షడ్భుజి బదులు పంచభుజి పెట్టండి, కాగితం పైకి లేస్తుంది. అలా పూర్తిగా మూసుకోవాలంటే ఎన్ని పంచభుజులు కావాలి? శీర్షాలు, అంచులు, ముఖాల మధ్య ఆయిలర్ చెప్పిన సంబంధం ఎంపీసీ పిల్లలకు ఒక్కసారి గుర్తుచేస్తే చాలు: శీర్షాల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే 2. ప్రతి శీర్షం దగ్గరా మూడు ముఖాలు కలుస్తాయని తీసుకుని లెక్క వేస్తే షడ్భుజులన్నీ కొట్టుకుపోతాయి, పంచభుజుల సంఖ్యను ఆరుతో భాగిస్తే 2 అని మిగులుతుంది. అంటే 12. షడ్భుజులు ఎన్ని ఉన్నా సరే, పంచభుజులు పన్నెండే.

1962లో కాస్పర్, క్లూగ్ వైరస్‌లకు ఈ జ్యామితినే వర్తింపజేశారు. 60 ముక్కలైతే, పంచభుజికి ఐదు చొప్పున, పన్నెండు పంచభుజులే చాలు, ముక్కలన్నీ ఒకే స్థితిలో ఉంటాయి. కానీ చాలా మొక్కల వైరస్‌లలో 180 ముక్కలున్నాయి: పన్నెండు పంచభుజుల్లో 60, ఇరవై షడ్భుజుల్లో 120. ఐదుగురి గుంపులో ఉన్న ముక్కకూ ఆరుగురి గుంపులో ఉన్న ముక్కకూ పరిసరాలు కొంచెం తేడా. అయినా ప్రోటీన్ ఒకటే. కాబట్టి అది కొంచెం వంగి సర్దుకోవాలి. 1978లో టొమాటో బుషీ స్టంట్ వైరస్ నిర్మాణాన్ని స్టీఫెన్ హారిసన్ బృందం 2.9 ఆంగ్‌స్ట్రామ్‌ల (నానోమీటరులో పదో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) స్పష్టతతో చూపినప్పుడు, ఒకే ప్రోటీన్ మూడు భంగిమల్లో ఉన్నట్టు తేలింది.

"ఇవన్నీ పీహెచ్‌డీ సంగతులు మేడం, పిల్లలకెందుకు" అని తోటి అధ్యాపకులు అంటుంటారు. అది ఈ ఊళ్లో అనాల్సిన మాట కాదని నా వాదన. సౌష్ఠవాన్ని లెక్కల్లో పట్టే గ్రూప్ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్రానికి ఎలా వాడాలో వివరిస్తూ సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రాసిన పుస్తకాన్ని 1948లో ప్రచురించింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. దూరదూరాల భౌతికశాస్త్రజ్ఞులు చదివిన పుస్తకం అది, వాల్తేరు నుంచి వెళ్లింది. స్ఫటికాల్లో ఐదు మడతల సౌష్ఠవం (చుట్టులో ఐదో వంతు తిప్పినా అదే రూపం కనిపించడం) ఎందుకు కుదరదో ఆ గణితమే చెబుతుంది. స్ఫటికం అంతులేకుండా నాలుగు దిక్కులా నిండాలి, పంచభుజులతో అది కుదరదు. వైరస్ తొడుగు ఒక చోట మూసుకుంటుంది కాబట్టి దానికి ఆ అడ్డు లేదు. ఆ పుస్తకం పుట్టిన క్యాంపస్‌కు కూతవేటు దూరంలో చదివే పిల్లలకు సౌష్ఠవం అంటే పువ్వును నిలువుగా కోసినప్పుడు వచ్చే రెండు సగాలు మాత్రమే అంటే నేను ఒప్పుకోలేను.

భగవంతం తర్వాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. అదే సంస్థలో, ఆయన తర్వాత చాలా ఏళ్లకు, ఎం.ఆర్.ఎన్. మూర్తి, హెచ్.ఎస్. సావిత్రి బృందాలు ఒక మొక్కల వైరస్ తొడుగును అణువు అణువునా విప్పి చూపించాయి. ఆ వైరస్ దొరికింది తిరుపతి పరిసరాల్లో, అవిశ మొక్కల మీద. సెస్బేనియా మొజాయిక్ వైరస్ అంటారు. మన నేల మీద దొరికిన వైరస్, పక్క రాష్ట్రంలో తేలిన నిర్మాణం. మన పాఠంలో దాని పేరు లేదు.

ఉండాల్సింది, ఎందుకంటే అది నేర్పే సంగతి పొగాకు వైరస్ నేర్పదు. ఆ తొడుగులో 180 ముక్కలు. ప్రోటీన్ మొదటి భాగం ఒక సన్నని చేయిలా లోపలికి చాచి ఉంటుంది. మూడు భంగిమల్లో ఒకదానిలో మాత్రమే ఆ చేయి క్రమంగా కనిపిస్తుంది. అలాంటి మూడు చేతులు కలిసి చిన్న ఉంగరంలా అల్లుకుంటాయి. ఇలాంటి ఉంగరాలు వేరే వైరస్‌లలోనూ కనిపించాయి కాబట్టి, 60 ముక్కలు కాకుండా 180 రావడానికి ఇదే మీట అని అనుకోవడం సహజం. బెంగళూరు బృందం ప్రోటీన్‌ను బ్యాక్టీరియాలో తయారు చేయించింది. మొక్క లేకుండానే, బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏను లోపల పెట్టుకుని తొడుగులు కట్టుకున్నాయి. తర్వాత మొదటి 65 అమైనో ఆమ్లాలు కత్తిరించారు: 60 ముక్కల చిన్న తొడుగులు వచ్చాయి. ఇంతవరకు అనుకున్నట్టే ఉంది. కానీ ఉంగరం అల్లే చిన్న భాగాన్ని మాత్రమే తీసేస్తే? 180 ముక్కల తొడుగే వచ్చింది, ఉంగరం లేకుండా. అంటే ఉంగరం తొడుగుకు కారణం కాదు, తొడుగు కట్టాక ఏర్పడే ఫలితం. బొమ్మలో అందంగా కనిపించే భాగం పని చేయించే భాగం కానక్కర్లేదు. కత్తిరించి చూస్తేనే తెలుస్తుంది.

ఇది ఎంపీసీ పిల్లలు వినాల్సిన మాట. జ్యామితి అన్నీ చెప్పేస్తుందని వాళ్లు నమ్మేస్తారు. 1982లో పాలియోమా అనే జంతు వైరస్ నిర్మాణం చూసినప్పుడు, ఆరుగురు ఉంటారని సిద్ధాంతం చెప్పిన చోట్ల కూడా ఐదుగురి గుంపులే ఉన్నాయి. మొత్తం 72 గుంపులు, అన్నీ ఐదుగురివే. గణితం ఏవి కుదురుతాయో చెబుతుంది, జీవి వాటిలో దేన్ని ఎలా వాడుకుందో ప్రయోగశాలలో చూడాలి. గోడ అటువైపు పిల్లలకూ నష్టమే.

పరీక్షలో రాదు కదా అన్నది అందరూ అనే రెండో మాట. నిజమే, రాదు. పొలంలోకి మాత్రం వస్తుంది. ఆనందపురం, పద్మనాభం వైపు బెండ వేసే ఏ రైతునైనా పల్లాకు తెగులు గురించి అడగండి. ఈనెలు పసుపెక్కి, కాయ తెల్లబారి, రైతుబజారుకు తీసుకెళ్లినా ఎవరూ ముట్టుకోరు. దానికి కారణమైన వైరస్ జెమినీ కుటుంబానిది, తెల్లదోమ మోసుకొస్తుంది. ఈ కుటుంబం తొడుగు జంట గుళ్లలా ఉంటుంది. పన్నెండు పంచభుజుల గుల్లలోంచి ఒక్కోటి తీసేసి, రెండు గుల్లల్నీ తెరిచిన చోట కలిపితే 22 గుంపులు, 110 ముక్కలు. ఇక ఏ పురుగు దాన్ని మోయాలో తేల్చేదీ ఆ తొడుగే. 1990లో ఇంగ్లండులో కర్రపెండలం జెమినీ వైరస్‌కు దాని తొడుగు ప్రోటీన్ తీసేసి, దీపపు పురుగులు మోసే ఇంకో వైరస్ తొడుగు ప్రోటీన్ పెట్టారు. తెల్లదోమ మోయాల్సిన వైరస్‌ను దీపపు పురుగులు మోశాయి. 2000లో అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను ఎండగొట్టిన టొబాకో స్ట్రీక్ వైరస్‌దైతే ఇంకో తీరు: దాని ఆర్‌ఎన్‌ఏకు కాస్త తొడుగు ప్రోటీన్ తోడు లేకపోతే రోగం మొదలే కాదు. తొడుగంటే పైన కప్పే గుడ్డ అని పిల్లలకు అనిపించేలా పాఠం చెప్పడం ఇకనైనా మానాలి.

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. ఒక శనివారం మధ్యాహ్నం రెండు గ్రూపుల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెడితే చాలు. మందపాటి చార్టు కాగితం, అన్ని భుజాలూ మూడు సెంటీమీటర్లు ఉండేలా 12 పంచభుజులు, 20 షడ్భుజులు, సెల్లోటేపు. ఒక్కో పంచభుజిలో ఐదు, షడ్భుజిలో ఆరు చుక్కలు పెట్టించండి, మొత్తం 180 వస్తాయి. పంచభుజి ముక్కలకు ఒక రంగు, షడ్భుజిలో ఒకటి విడిచి ఒకటికి మరో రెండు రంగులు వేయిస్తే మూడు భంగిమలూ కనిపిస్తాయి. ముందు షడ్భుజులతోనే ప్రయత్నించనివ్వండి, ఎందుకు మూసుకోవడం లేదని వాళ్లే అడిగేదాకా పంచభుజులు ఇవ్వకండి. ఆయిలర్ లెక్క ఎంపీసీ పిల్లలు చెప్పాలి, పన్నెండో పంచభుజి లేకపోతే ఆర్‌ఎన్‌ఏకు ఏమవుతుందో బైపీసీ పిల్లలు చెప్పాలి. టైముంటే బెండ వైరస్ కూడా చేయించండి, దానికి పంచభుజులు 22 కావాలి, షడ్భుజి ఒక్కటీ అక్కర్లేదు.